నాలుగంగుళాల అబద్ధం

అబద్ధాలు అందరూ ఆడతారు. టేపు పెట్టి కొలవగలిగిన అబద్ధం ఆడింది మాత్రం, నాకు తెలిసి, నేనొక్కణ్ణే. అదీ ఎక్కడ? కాణిపాకంలో, వరసిద్ధి వినాయకుడి ఎదుట. అక్కడ తప్పుడు ప్రమాణం చేయాలంటే మా జిల్లాలో ఎంత మొండివాడైనా వెనకాడతాడు. ఆ ఘనకార్యం నేనెలా చేశానో చెబుతాను. నవ్వుకోండి, కానీ కాస్త మెల్లగా. పక్కగదిలో మా ఆవిడ ఉంది.

అప్పటికి మాకు పెళ్ళయి రెండు నెలలు. తిరుపతిలో చిన్న అద్దె ఇల్లు. నేను తెల్లవారుజామునే లేచి మిద్దె మీదికెక్కి దండీలు తీసేవాణ్ణి. ఎదురుగా శేషాచలం కొండలు నడుము దాకా మంచు కప్పుకొని ఇంకా పడుకునే ఉండేవి. చల్లగాలి. ఎక్కడినుంచో సన్నగా సుప్రభాతం. అరచేతులు నేలకు ఆనించి కళ్ళు మూసుకుంటే చాలు, ఒంటికీ నాకూ సంబంధం తెగిపోయేది. ఒళ్ళు తన మానాన తాను ఊగుతుండేది, నేను కలలోకి జారిపోయేవాణ్ణి. కలలో నా రొమ్ము వెడల్పవుతూ ఉండేది. చొక్కా గుండీలు ఒక్కొక్కటే తెగి గాల్లో తేలిపోయేవి. నేను రోడ్డు మీద నడుస్తుంటే కొండకు వెళ్ళే బస్సులు నెమ్మదించేవి. ఇరవై, నలభై, ఎనభై అని అంకెలు ఎవరో దూరంగా జోల పాడుతున్నట్టు వినిపించేవి. కళ్ళు తెరిచేసరికి నూరు. చెమట కూడా పట్టేది కాదు. ఇంత బలం నాకెక్కణ్ణుంచి వచ్చిందా అని నాకే ఆశ్చర్యంగా ఉండేది. ఆ ఆశ్చర్యంలో చిటికెడు అనుమానం కలుపుకొని ఉంటే ఈ కథే లేదు.

మా ఆవిడ సుగుణ జాకెట్లు కుడుతుంది. నేను కిందికి దిగి "నూరు" అనగానే కుట్టుమిషన్ ఆపి, కళ్ళు పెద్దవి చేసి చూసేది. ఆ చూపు కోసం వెయ్యి తీసినా తప్పులేదనిపించేది.

సుగుణ వాళ్ళ నాన్న చిత్తూరులో డ్రిల్లు మాస్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఒక ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాం. సంగటి తింటూ ఆయన, తన సర్వీసంతటిలో నలభై దండీలు దాటిన పిల్లలు ఇద్దరో ముగ్గురో అన్నారు. నేను రోజూ నూరు తీస్తానన్నాను. మామ చేతిలో ముద్ద నోటి దాకా వచ్చి ఆగింది. అలా ఆగడం సుగుణకు నచ్చలేదు.

"నిజమే నాయనా. కాణిపాకంలో ప్రమాణం చెయ్యమన్నా చేస్తారు," అంది.

మర్నాడు ఎలాగూ మేం కాణిపాకం వెళ్ళాలి. మామ కూడా బయల్దేరారు. స్నానం చేసి తడితలతో వరుసలో నిలబడ్డాను. కర్పూరం వాసన, గంటల మోత, ఆ పొగలో స్వామి నన్నొక్కణ్ణే చూస్తున్నట్టు ఒక మైకం. నన్నెవరూ ప్రమాణం అడగలేదు. మామ అడగలేదు, సుగుణ అడగలేదు, స్వామి అసలే అడగలేదు. నేనే చేతులు జోడించి, పదిమందికీ వినపడేలా, "స్వామీ, నేను రోజూ నూరు దండీలు తీసే మాట సత్యం" అనేశాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సుగుణ ముఖం మాత్రం వెలిగిపోయింది.

చిత్తూరు తిరిగి రాగానే మామ మెత్తగా అడిగారు.

"ఏమప్పా అల్లుడూ, ఒగ పది తీసి సూపిచ్చు. కండ్లారా సూస్తాను."

వసారాలో వంగాను. కళ్ళు మూసుకున్నాను. కల ఎప్పటిలాగే వచ్చింది. పది అయ్యాయనిపించి లేచాను. మామ ముఖంలో లెక్కపెట్టిన జాడే లేదు.

"ఎన్నయ్యాయి మామా?"

"ఇంగా ఒగటి గూడా కాలేదప్పా."

తన తువ్వాలు నాలుగు మడతలు వేసి నేల మీద పెట్టారు. కిందికి వెళ్ళినప్పుడల్లా రొమ్ము దానికి తగలాలట. నడుము జారకూడదట. పైకి వచ్చినప్పుడు మోచేతులు పూర్తిగా చాచాలట. నేను ఇన్నాళ్ళూ చేసింది దండీ కాదట, కోడి గింజలేరుకునేటప్పుడు చేసే పనట. ఇంత చిన్న చిన్న విషయాలు పట్టుకుంటే ఎలా, లెక్క కదా ముఖ్యం అన్నాను. సుగుణ లోపలికి వెళ్ళి తన సంచిలోంచి టేపు తెచ్చింది. నన్ను వంగినంత వంగమని, తువ్వాలుకూ నా రొమ్ముకూ నడుమ కొలిచింది.

"నాలుగంగుళాలు," అంది. "జాకెట్టుకు అరంగుళం తగ్గితేనే చెయ్యి దూరదు. నాలుగంగుళాలు తగ్గితే దాన్ని దండీ అంటారా?"

నాకు రోషం వచ్చింది. తువ్వాలు తగిలేలా ఒకటి తీశాను. రెండు. మూడోది ఎలాగో అయ్యింది. నాలుగోది కిందికైతే వెళ్ళింది, పైకి రాలేదు. తువ్వాలు మెత్తగా ఉంది. అక్కడే ఉండిపోయాను. మామ ఏ సబ్బు వాడతారో కూడా తెలిసింది.

ఇద్దరూ నవ్వుతుంటారనుకొని తలెత్తాను. సుగుణ కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"స్వామి కాడ నూరని చెప్పినారే. మీకేమన్నా అయితే?"

అంతవరకూ ఆ సంగతి నాకు తోచనే లేదు. నాకేమవుతుందో అన్న భయం కంటే, నా గొప్ప కోసం ఈ పిల్లను ఏడిపించానన్న సిగ్గే ఎక్కువగా కుదిపేసింది. చివరికి మామే దారి చూపారు.

"ప్రమాణాన్ని ఎనక్కి తీసుకోలేవప్పా. నిజం చేసుకో. దినామూ నూరు, తువ్వాలు తగిలేటట్ల. అంతవరకూ మా సుగుణకు నిద్దర పట్టదు."

ఎనిమిది నెలలు పట్టింది. అదే మిద్దె, అవే కొండలు, అదే మంచు. కళ్ళు మూసుకునే భాగ్యం మాత్రం పోయింది. పక్కనే సుగుణ, మెడలో టేపు. పొద్దున కొన్ని, సాయంత్రం కొన్ని. రొమ్ము తువ్వాలుకు తగలకపోతే అదే అంకె మళ్ళీ చెప్పేది. ఒకరోజు "పదిహేడు" అన్న మాట ఆరుసార్లు విన్నాను. ఆఖరికి ఒక సాయంత్రం, కొండలు ఎర్రబడుతుండగా, "నూరు" అని టేపు చుట్టేసి కిందికి వెళ్ళింది. కాసేపటికి నేనూ దిగి చూస్తే మిషన్ మీద తల వాల్చి హాయిగా నిద్రపోతోంది. చాలాసేపు లేపబుద్ధి కాలేదు.

ఇక మిగిలింది స్వామికి క్షమాపణ. నూట ఎనిమిది గుంజీలు తీస్తానని మొక్కుకొని మళ్ళీ కాణిపాకం వెళ్ళాం. గుడి బయట ఒక వారగా నిలబడి చెవులు పట్టుకున్నాను. మళ్ళీ అదే కర్పూరం వాసన. కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. ఒళ్ళు ఊగసాగింది. స్వామి తొండమెత్తి దీవిస్తున్నాడు, పైనుంచి పూలు రాలుతున్నాయి, నూటారు, నూటేడు, నూటెనిమిది. కళ్ళు తెరిచాను. ఎదురుగా గరికమాలలు అమ్మే అవ్వ నన్ను జాలిగా చూస్తోంది.

"కుడిచెవిని కుడిచేత్తోనే పట్టుకొంటివి గదా నాయనా. చేతులు మార్చి పట్టుకోవాల. మోకాళ్ళు గూడా సగమే వంచితివి. ఒగటీ లెక్కకు రాదు."

సుగుణ వైపు తిరిగాను. అప్పటికే సంచిలోంచి టేపు తీసి మెడలో వేసుకుంటోంది.

"మొదలుపెట్టండి," అంది.

అందుకని ఆనాడే గంభీరంగా ఒట్టు పెట్టుకున్నాను. ఇకమీదట కళ్ళు మూసుకొని దేన్నీ లెక్కపెట్టను, ఎవరూ అడగని ప్రమాణం చేయను. దండీలు మాత్రం ఇప్పటికీ నూరు తీస్తున్నాను, ప్రమాణంలో "రోజూ" అని నోరు జారాను కదా. అందుకే ఈ కొత్త ఒట్టు మాత్రం ఇంటికి వచ్చాక, కాణిపాకం వైపు వీపు పెట్టి, స్వామికి వినపడకుండా మనసులోనే పెట్టుకున్నాను.