మోగని గొట్టాలు

ఈ రోజు ఉదయం ముప్పైమంది పిల్లల ముందు నేను ఒక అబద్ధం చెప్పాను. అదేమీ కొత్తది కాదు, నలభై ఏళ్లుగా చెబుతూ వస్తున్నదే.

శృంగవరపుకోట వెళ్లే రోడ్డు పక్క కాలువ కోసం తవ్వుతుంటే, ఒకప్పుడు మా ఊరి ఫ్యాక్టరీలో చేసిన మట్టి గొట్టాలు బయటపడ్డాయి. బడి టీచరు పిల్లల్ని ఆ గుంత దగ్గరికి వెంటబెట్టుకొచ్చి, నన్నూ పిలిపించి, ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేసినవాళ్లలో మిగిలింది మీరొక్కరేనట, ఆ చరిత్ర చెప్పండి అంది. అలా అడిగితే నన్ను ఆపడం కష్టం. కొండ కింది పొలాల్లోంచి జిగురుమట్టి తెచ్చి తొక్కించడం, బట్టీ ఎర్రగా కాలినప్పుడు నౌపడ ఉప్పు పారలతో లోపలికి విసరడం, ఆ ఆవిరికి గొట్టాల మీద తేనెరంగు మెరుపు పట్టడం, అన్నీ చెప్పాను. ఉప్పు వేసే రోజున ఆ ఘాటుకి భయపడి ఊళ్లో పెళ్లిచూపులు కూడా పెట్టుకునేవారు కాదన్నాను. తవ్వి తీసిన గొట్టాన్ని కర్రతో తడితే ఖంగున మోగింది. మరి ఫ్యాక్టరీ ఎందుకు మూసేశారని పిల్లలు అడిగారు. గొట్టాలు తట్టి చూసే ఆవిడకి చెవుడొచ్చి, పగిలిన సరుకు బయటికెళ్లి, పేరు పోయిందన్నాను. పిల్లలు నవ్వారు. వాళ్లని వరసలో నిలబెట్టాక టీచరు నా దగ్గరికొచ్చి, ఆవిడ మా అమ్మమ్మండీ, అని మెల్లగా చెప్పి వెళ్లిపోయింది.

నిజానికి ఫ్యాక్టరీ మూతపడింది ప్లాస్టిక్ గొట్టాలొచ్చి. ఆ అమ్మమ్మ నాకు ఊరి వరసకి అత్త. బట్టీ నుంచి తీసిన ప్రతి గొట్టాన్నీ చిన్న కొయ్యసుత్తితో తట్టి, తల పక్కకి వాల్చి వినేది. ఉప్పు మెరుపు కింద పగులు కంటికి కనిపించదు, చెవికే దొరుకుతుంది. కాల్చిన బట్టీని నాలుగు రోజులు చల్లారనివ్వాలి, లేకపోతే చల్లగాలి తగిలి గొట్టాలు చిట్లుతాయి. యజమాని వచ్చేలోగా లారీ ఎత్తించి మెప్పు పొందాలని నేను రెండో రోజే బట్టీకి ఇటుకలతో మూసిన తలుపు పగలగొట్టించాను. అత్త తట్టి చూసి, "ఇవి పలకతన్నేదు అల్లుడా, లోన సిట్లిపోనాయి" అంటూ రెండు వరసలు పక్కన పెట్టి సుద్దతో గుర్తు వేసింది. ఆమె అన్నానికి వెళ్లినప్పుడు నేను తడి గోనెపట్టాతో ఆ గుర్తులన్నీ తుడిచి, వాటినీ లారీ ఎక్కించాను. నెల తిరక్కుండానే అవి భూమిలో పగిలిపోయాయని కబురొచ్చింది. యజమాని అడిగితే, ఆవిడకి సరిగా వినపడటం లేదండీ, అన్నాను. అత్త చేతిలోంచి సుత్తి తీసేసుకుని మట్టితట్ట ఇచ్చారు. ఆమె ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. ఊరు ఆమెకి సెవిటమ్మ అని పేరు పెట్టింది. ఆ పేరు మొదట అన్నది కూడా నేనే.

గుంత దగ్గర్నుంచి ఇంటికి పోబుద్ధి కాక, తిన్నగా వాళ్ల వీధికి వెళ్లాను. అత్త అరుగు మీద చింతపండు గింజ తీస్తోంది. "ఏటి అల్లుడా, ఈ ఈది ఇప్పటికి గుర్తొచ్చినాదా?" అంది. పక్కన కూర్చుని, ఎవరికీ వినపడకుండా విషయం చెప్పబోయాను. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"గట్టిగా సెప్పు. ఇప్పుడు నిజంగానే ఇనపడతన్నేదు."

రెండోసారి చెప్పాను. అదీ అందలేదు. మూడోసారి లేచి నిలబడి అరిచాను. "అత్తా, నువ్వు పక్కన పెట్టిన గొట్టాలే అవి. గుర్తులు తుడిసేసినోడిని నానే. నీ సెవికి ఏటీ అవలేదు." ఎదురింటివాళ్లు బయటికొచ్చారు. కుళాయి దగ్గర బిందెలు ఆగిపోయాయి. పొద్దున పిల్లలకి ఏం చెప్పానో కూడా అలాగే అరిచి చెప్పాను. అత్త చింతపండు చేత్తోనే కళ్లు తుడుచుకోబోయి ఆగి, కొంగుతో తుడుచుకుంది.

"నాకు తెలీదేటి? తెలీనోళ్లు ఈళ్లే" అని వీధి వైపు చూపించింది. "ఆ పిల్లలకి కూడా సెప్పు. బడి గంట కొట్టకముందే ఎల్లు."

వెళ్లాను. దారిలో గుంత దగ్గర ఆగి ఒక గొట్టం అడిగి భుజానికెత్తుకున్నాను. దాన్ని క్లాసులో బల్ల మీద పెట్టి, టీచరు ఎదుటే, సుద్ద గుర్తుల దగ్గర్నుంచి మట్టితట్ట దాకా అంతా చెప్పాను. ఎవరూ నవ్వలేదు. చెప్పడం అయ్యాక ఒక్కొక్కరూ వచ్చి గొట్టాన్ని తట్టి, తల పక్కకి వాల్చి విన్నారు. అది ఆనాడు అత్త తట్టి, మంచిదని పంపినది, ఇంకా మోగుతోంది. బట్టీ చల్లారడానికి నాలుగు రోజులు ఆగలేనివాణ్ణి, ఈ ఒక్క మాట చెప్పడానికి మాత్రం నలభై ఏళ్లు ఆగాను.