నట్టు పట్టుకున్నవాడు, బోల్టు తిప్పినవాడు

ఈ హిందీవాళ్ల ఊరి చివర, మోప్కాలో, మేము ఇల్లు కట్టుకున్న వీధిలో ఖాళీ స్థలాలన్నీ నిండిపోయాయి, మిగిలిన ఒక్కదానిలో పక్కింటి కుర్రవాడు ఎక్కడినుంచో పాత జీపు ఒకటి తెచ్చి పెట్టుకుని, సెలవు దొరికితే చాలు దాని మీద సుత్తి ఎత్తుతున్నాడు. మొన్న ఆ మోత భరించలేక గోడ దగ్గరికి వెళ్లి చూశాను. గేరుపెట్టె మీద కప్పే నేలరేకు తుప్పుపట్టి ఊడిరావడం లేదట. "ఆంటీ, యే ప్లేటు ఖుల్తా హీ నహీ" అని నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. అలాంటి రేకు ఒకటి ఊడదీయడం చూసినదాన్ని నేను.

రైల్వే క్వార్టర్లలో పెరిగిన నా ఈడువారికి చెప్పనక్కరలేదు, తండ్రి డ్యూటీలో ఉండగా పోతే ఆయన పేరున వచ్చే ఉద్యోగం ఇంట్లో ఒక్కరికే. నాన్న అలా పోయేసరికి మా ఇంట్లో దానికి ఇద్దరున్నారు, అన్నయ్య, నా తర్వాతివాడైన తమ్ముడు. పెళ్లయి ఇంటికి పెద్దదిక్కుగా ఉన్న అన్నయ్య అది తనదేననుకున్నాడు. అమ్మ తమ్ముడి పేరు చెప్పింది. ఎందుకు చెప్పిందో ఎవరికీ వివరించలేదు, ఆవిడకు వివరించే అలవాటే లేదు. తమ్ముడు రైలింజన్లు బాగుచేసే షెడ్‌లో చేరాడు, క్వార్టర్ వాడి పేరు మీదికి మారింది, అన్నయ్య భార్యతో సహా తమ్ముడి పంచన ఉన్నవాడయ్యాడు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు గాని, అనకపోవడమే ఆయన్ని ఎక్కువగా కోసిందనుకుంటాను. ఆనాటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఒకడు తిని లేస్తేగాని రెండోవాడు పీట మీదికి వచ్చేవాడు కాడు.

అన్నయ్యకు మిగిలింది మా మేనమామ వదిలి వెళ్లిన జీపు. బొగ్గు గనుల సర్వేవాళ్లను అడవిదారుల్లో తిప్పుతూ దానిమీదే బతికేవాడు. ఒక ఏడు వానలు వెనకబట్టాక గేరు ఇరుక్కుపోయింది. తెల్లారితే సర్వేవాళ్లను తీసుకెళ్లాలి, వెళ్లకపోతే ఆ పనిలోకి ఇంకొకరి బండి వచ్చి కూర్చుంటుంది. అమ్మ తమ్ముడితో "ఆడి బండి చూడు" అంది, అంతే. ఆ రోజు వాడికి రెస్టు, పానాలు పట్టుకుని వచ్చాడు.

గేరు బాగుచేయాలంటే ముందు రేకు లేవాలి. దాని బోల్టులు జీపు నేలలోంచి కిందికి దిగి ఉంటాయి, నట్టులు అడుగున. పైనుంచి ఒకడు తిప్పుతుంటే కింద ఇంకొకడు నట్టు కదలకుండా పట్టుకోవాలి, లేకపోతే రెండూ కలిసి తిరుగుతాయి. అందుచేత మాటల్లేని ఆ ఇద్దరూ, అన్నయ్య జీపులో, తమ్ముడు జీపు కింద చేరారు. అన్నయ్యకు 'అమ్మీ'ని, తమ్ముడికి 'అప్ప'ను, అంటే అక్కను, నేను పక్కన నిలబడ్డాను.

"అమ్మీ, నట్టు గట్టిగా పట్టుకోమని చెప్పు ఆడికి."

"పట్టుకునే ఉన్నానని చెప్పప్పా. ముందు కాస్త బిగించి తరవాత విప్పమను. ఊరికే లాగితే తల తెగిపోతాది."

"ఆడి షెడ్ చదువు నాకొద్దని చెప్పు."

ఇద్దరి ముఖాలకూ మధ్య ఉన్నది ఆ రేకు ఒక్కటే. మొదట్లో మాటమాటా అందించాను, తర్వాత విసుగొచ్చి నోరు మూసుకున్నాను. నేను మెదలకపోయినా 'చెప్పు' అనడం మాత్రం ఇద్దరూ మానలేదు.

ముందువైపు బోల్టులు ఎలాగో వచ్చాయి. వెనకవి గనుల బురదా తుప్పూ కలిసి రాయైపోయాయి, కిరసనాయిలు పోసినా చలించలేదు. లాగగా లాగగా ఒకదాని తల తెగింది. అన్నయ్య లేచి వెళ్లి ఎవరినో అడిగి మంట చిమ్మే బ్లో ల్యాంపు తెచ్చాడు, వేడిచేస్తే వస్తుందని. ఆ జీపులో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందే ఉంటుంది.

"ట్యాంకు దింపకుండా మంట వద్దని చెప్పప్పా."

"దింపడానికి రేపటిదాకా పడతాది. భయమైతే బయటికి రమ్మను. ఉజ్జోగం ఉన్నోడు కదా, పేణం తీపి."

జీపు కింద వాడు పానా పడేసిన శబ్దం వినబడింది.

"నాను రాను. ఎలిగించమను."

అన్నయ్య నిజంగానే వెలిగించాడు. నీలిమంట బుస్సుమంది. నేను లోపలికి పరిగెత్తి అమ్మను పిలిచాను. బియ్యం కడుగుతున్న చేతులతోనే వచ్చింది, మంట చూసింది, జీపెక్కి సరిగ్గా ట్యాంకు మీది సీటులో కూర్చుంది.

"ఉజ్జోగం ఆడికిమ్మన్నది నాను. ఆడేటి చేసినాడు? పెట్టు మంట."

అన్నయ్య మంట చేత్తో పట్టుకుని ఆవిడను చూసిన చూపు ఇప్పటికీ మరవలేను. అందులో ప్రేమ లేదు, సిగ్గూ లేదు. ఆర్పేశాడు, అంతే.

అమ్మ దిగలేదు. ఆ సాయంత్రం దాకా ఆ సీట్లోనే ఉంది. వాళ్లిద్దరూ మళ్లీ కిరసనాయిలు పోసి, బోల్టుల తలల మీద చిన్నగా తట్టి, కాస్త బిగించి, కాస్త వదిలి, మళ్లీ బిగించి, ఒక్కొక్కదాన్నే కీచుమనిపిస్తూ తీశారు. తల తెగినదాన్ని తమ్ముడు కిందినుంచి ఉలితో నరికాడు. టైరు లీవరుతో ఎత్తితే రేకు అడుగున నల్లటి మట్టిపెళ్లతో సహా లేచింది. లోపల గేరు సర్దడం తమ్ముడికి పెద్ద పని కాలేదు. సర్ది, చేతులు తుడుచుకుని, నీళ్లు పోసుకోవడానికి వెళ్లిపోయాడు.

మర్నాడు జీపు కదిలింది. ఆ వారం తిరక్కుండానే అన్నయ్య సామానంతా ఆ జీపులోనే వేసుకుని, వదినను ఎక్కించుకుని, బొగ్గు గనులున్న కోర్బా వైపు వెళ్లిపోయాడు. అమ్మ గేటు దగ్గరే ఉంది. ఆయన మాత్రం నావైపు చూసి, "అమ్మీ, ఎల్తన్నామని చెప్పు ఆవిడికి" అన్నాడు.

అమ్మ పోయినప్పుడు వచ్చాడు. తమ్ముడూ ఆయనా ఎడమొహం పెడమొహంగానే పాడె మోశారు. ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు. మా కాలపు పగలు ఎంత చెడ్డవో నాకు తెలుసు, వాటిని మెచ్చుకోలేను. కానీ ఆ పగకు ఎదురుగా ఒక మనిషంటూ ఉండేవాడు, వాడు ఎప్పుడు తిన్నాడో, ఎప్పుడు డ్యూటీనుంచి వచ్చాడో రెండోవాడికి తెలిసేది. అన్నయ్య కొడుకు ఇప్పుడు ఈ ఊళ్లోనే, దయాల్‌బంద్‌లో ఉంటున్నాడట, తమ్ముడి కూతురు అక్కడికి రెండు వీధుల అవతల. వాళ్లకు ఒకరి మీద ఒకరికి కోపమేమీ లేదు. సదర్ బజార్‌లో ఎదురుపడినా ఒకరినొకరు గుర్తుపట్టలేరు.