మేనకోడలి రెండో కోరిక

ఎక్కడ చదివావని ఎవరైనా అడిగితే అక్‌బోపె ముందు కళ్లద్దాలు తీస్తుంది. కండువా కొసతో వాటిని తుడుస్తూ జవాబు చెబుతుంది. అద్దాలు లేకపోతే ఎదుటివాళ్ల మొహం మసకగా కనిపిస్తుంది. ఆ ఒక్క క్షణం అలా ఉండటమే ఆమెకు కావాలి.

"జెజ్కజ్గాన్‌లో" అంటుంది.

అది రాగి గనుల ఊరు. గనివాళ్ల పిల్లలు చదివే యూనివర్సిటీలో ఆమె లెక్కలు చదివింది. తర్వాత పెద్ద నగరం అల్మాటీ వచ్చి రైల్వే సరుకుల ఆఫీసులో చేరింది. ఏ స్టేషన్లో వ్యాగన్లు ఖాళీగా పడి ఉన్నాయో, ఎందుకు పడి ఉన్నాయో కనిపెట్టడం ఆమె పని. కనిపెట్టి పైకి రాస్తే ఎవరూ చదవరు. అదే మాట ఊరి నడిబొడ్డున గాజు భవనంలో ఉన్న కన్సల్టింగ్ సంస్థ చెబితే మంత్రులు వింటారు. అందుకే ఆమె ఆ ఉద్యోగం మీద మనసు పెట్టుకుంది.

రెండుసార్లు దరఖాస్తు చేసింది. రెండుసార్లూ పరీక్షకు కూడా పిలవలేదు. మా సంస్థలో మిమ్మల్ని ఎరిగినవారెవరు అని దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలేసేది. జెజ్కజ్గాన్‌లో చదివినవాళ్లెవరూ ఆ భవనంలో లేరు. రానిస్తే కదా ఉండటానికి.

మూడోసారి ఎందుకో పిలిచారు. పరీక్ష నెగ్గింది. రెండు ఇంటర్వ్యూలు నెగ్గింది. ఆఖరిది మిగిలింది. వయసు దాటిపోతోంది, ఇది పోతే మళ్లీ కొత్తవాళ్ల వరసలో నిలబడనివ్వరు.

ఆ ఆదివారం, ఊరి నుంచి వచ్చిన తల్లి ఆమెను మేనమామ బేసెన్‌బాయ్ ఇంటికి తీసుకెళ్లింది. ఆయన నీటి శాఖలో పెద్ద అధికారిగా చేసి రిటైరయ్యాడు. వాళ్ల ఆచారం ప్రకారం మేనకోడలు మూడుసార్లు ఏది అడిగినా మేనమామ కాదనకూడదు. కాదంటే ఆ ఇంటికి మంచిది కాదు. అక్‌బోపె అంతవరకూ ఒక్కటీ అడగలేదు.

మాంసం పళ్లెం మధ్యలో ఉండగా తల్లే మొదలుపెట్టింది.

"తమ్ముడూ, నా కూతురు నీ గుమ్మంలోంచి ఇంతవరకూ పూచికపుల్ల పట్టుకెళ్లలేదు."

"ఇప్పుడేం కావాలక్కా? గుర్రమా?"

"అల్మాటీలో గుర్రాన్ని ఎక్కడ కడుతుంది, లిఫ్టులోనా? ఆ గాజు మేడలో పెద్దాయనకి ఒక మాట చెప్పు."

"యెర్జాన్‌కా? నా కుర్చీ చుట్టూ ఎన్నేళ్లు తిరిగాడో! ఏం తల్లీ, చెప్పమంటావా?"

అక్‌బోపె పళ్లెం వంక చూసింది. వద్దు అనలేదు. ఆయన అక్కడే, నూనె చేతులు తుడుచుకుని, ఇల్లంతా వినపడేలా ఫోన్ చేశాడు.

గురువారం సాయంత్రం గాజు భవనానికి రమ్మన్నారు. ఆఖరి ఇంటర్వ్యూ అనుకుని వెళ్లింది. మనుషుల్ని ఎంపిక చేసే తెమిర్లాన్ ఒక్కడే ఉన్నాడు. లండన్‌లో చదివినవాడు. గొంతు చాలా మెత్తన.

"మీ దరఖాస్తు ఆపేస్తున్నామండీ. మీ తరఫున బయటి నుంచి ఒత్తిడి వచ్చింది. మా విలువలకు అది సరిపడదు."

"మా మావయ్య ఫోన్ చేశాడు. నేను కాదనను. మరి ఆ చోటు ఎవరికిచ్చారు?"

"అలిషేర్ అని. చాలా చురుకైనవాడు."

"అతన్ని మీకెవరు చెప్పారు?"

"నేనే. లండన్‌లో నా క్లాస్‌మేట్ తమ్ముడు. అది రిఫరల్ అండీ, పద్ధతి ప్రకారం నమోదు చేశాం."

"మీ స్నేహితుడి తమ్ముడైతే రిఫరల్. నా మావయ్య మేనకోడలైతే ఒత్తిడి."

"అలా కలపకండి. నేనతని పనికి హామీ ఇవ్వగలను."

"అతనితో కలిసి పనిచేశారా?"

తెమిర్లాన్ నవ్వాడు. "ఆ యూనివర్సిటీ అంటేనే ఒక హామీ కదండీ. మీరు ఎక్కడన్నారు?"

ఆమె చెయ్యి దానంతటదే అద్దాల దాకా వెళ్లింది. తీసింది, తుడిచింది, చెప్పింది. రోడ్డు మీదికి వచ్చాక ఆ చేతిని తెగ్గోసుకోవాలనిపించింది.

అక్కణ్నుంచి తిన్నగా మేనమామ ఇంటికి వెళ్లింది. విషయం విని ఆయన ఎర్రబడిపోయాడు.

"నా ఫోన్‌ని ఒత్తిడి అంటాడా, ఆ యెర్జాన్! ఉండు తల్లీ. మంత్రి దగ్గర మనవాడున్నాడు. వీళ్లే వచ్చి నిన్ను కార్లో తీసుకెళ్తారు."

"వద్దు మావయ్యా."

"నువ్వూరుకో."

"మావయ్యా, ఆదివారం నాటి మాటతో ఒకటి అయిపోయింది. నా రెండో కోరిక అడుగుతున్నా. ఆ ఫోన్ నాకివ్వు."

టీ పోస్తున్న అత్తయ్య చెయ్యి గాల్లోనే నిలిచింది.

"ఫోనా? పిచ్చిదానా, గోడ మీది తివాచీ పట్టుకుపో. వెండి జీను పట్టుకుపో."

"ఫోనే కావాలి."

"నా లోకమంతా దీన్లోనే ఉందే!"

"అందుకే."

ఆదివారం నుంచీ అక్కడే ఉన్న తల్లి నెత్తి కొట్టుకుంది. "ఉద్యోగం అడగవే అంటే ఫోన్ అడుగుతుంది, మొద్దు!"

బేసెన్‌బాయ్ పళ్లు నూరాడు. కానీ మేనకోడలు అడిగింది. కాదనలేక ఇచ్చాడు.

మర్నాడు పొద్దున అక్‌బోపె రొట్టెకు వెన్న రాస్తుండగా ఆ ఫోన్ మోగింది. యెర్జాన్ అన్న పేరు కనిపించింది. ఎత్తింది.

"అన్నగారూ, మీ అమ్మాయి విషయంలో కుర్రాళ్లు తొందరపడ్డారు, మనసులో పెట్టుకోకండి. నీటి శాఖలో మా టెండరొకటి ఉంది. మీ పాత శిష్యులకి ఒక్క మాట..."

"ఆయన మేనకోడల్ని. చెప్పండి."

ఒక దగ్గు. "ఓహో, చెల్లెమ్మా! అన్నగారికి ఇస్తావా కాస్త?"

"మీరెక్కడ చదివారండీ?"

"నేనా? లండన్‌లో. ఎందుకు?"

"మంచి చోటు. జెజ్కజ్గాన్‌లో చదవలేదన్నమాట. ఆ నీటి శాఖలో చాలామంది మా యూనివర్సిటీలో చదివినవాళ్లే. మిమ్మల్ని ఎరిగినవాళ్లు లోపల ఎవరైనా ఉన్నారా?"

"లేకే కదమ్మా అన్నగారికి చేసింది."

"అయితే ఇది బయటి ఒత్తిడి" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

అది మళ్లీ మోగింది. మోగనిచ్చింది. రొట్టె తినేసి, అద్దాలు ముక్కు మీదికి గట్టిగా తోసుకుని, బస్సెక్కి రైల్వే ఆఫీసుకు వెళ్లింది. కోపం కొంచెం కూడా తగ్గలేదు.