సైకిల్ మీద అపరాధం

మేం కాపురాలకొచ్చిన కాలంలో మొగుడూ పెళ్ళాం పగటిపూట నాలుగు మాటలు మాట్లాడుకోవడమంటే చోద్యమే. తిరుత్తణికి రెండు క్రోసుల దూరంలో మా నేతగాళ్ళ వీధి. ఇల్లంతా మగ్గాల చప్పుడు. ఆ చప్పుడులో నేను మా ఆయనతో అనేదల్లా "అన్నానికి రాండి" అని, అంతే. శుక్రవారం మాత్రం ఆయన నేసిన చీరలు టౌన్లో అప్పజెప్పి నూలు తెచ్చేవాడు. కొండకు దండం పెట్టుకొస్తానని వంక చెప్పి, చీరల మూట ఒళ్ళో పెట్టుకుని నేనూ సైకిల్ వెనక ఎక్కేదాన్ని. (వెనక కూర్చున్నదానికి వీపు తప్ప ఏం కనిపిస్తుంది? ఆ వీపే నాకు మహాభాగ్యం.)

ఒకరోజు మామ టీకొట్టు నుంచి అరవ పేపరు తెచ్చాడు. ఆయనకు చూపు మసక, పెద్దక్షరాలే ఆనేవి. (ఆ సంగతి పేపరువాళ్ళకూ తెలిసినట్టుంది, అసలు విషయమంతా చిన్నక్షరాల్లో దాచారు.) "సైకిల్ల ఇరువర్ పోనా అబరాదం" అని గట్టిగా చదివాడు. అంటే ఇద్దరెక్కితే అబరాదమని. అరవంలో అబరాదమంటే జుల్మానా. మా అత్త చెవికి అది మన అపరాధమై తగిలింది.

"మొగుడూ పెండ్లామూ ఒక సైకిల్ మీద పోతే అపరాధమంట! పేపర్లోనే యేసేసినారు!"

"పాపం కాదుమా, జుల్మానా," అన్నాడు మా ఆయన.

"పాపం జేసినోడికే గదరా జుల్మానా యేసేది? సైకిల్ మీద మూట పోనీ. కోడలు నడిసొస్తాది."

మొదటి శుక్రవారం ఏడుపు దిగమింగుకుని నడిచాను. ఆయన పక్కన సైకిల్ నెట్టుకుంటూ వచ్చాడు. చెరుకు తోటలు దాటేసరికి ఏడుపు మరిచిపోయాను. నవ్వితే ఆయనకు ఎడమ కన్ను మూసుకుపోతుందని అప్పుడే తెలిసింది. "చిన్నప్పుడు మెడ్రాసుకని రైలెక్కి, ఆకలేసి తిరువళ్ళూరులోనే దిగేసినా మే," అన్నాడు. పెళ్ళయిన ఏడాదికి, అదే ఆయన నాకు చెప్పిన మొదటి కథ.

మూడో శుక్రవారం టౌన్లో బోండా కట్టిన కాగితం చూస్తే అదే వార్త. మూడో తరగతి అరవంతో కూడబలుక్కున్నాను. మెడ్రాసు పట్నంలో రెండు పెద్ద రోడ్లకేనట, అదీ ఇంకా ఆలోచనలోనే ఉందట. కాగితం నలిపి కాలవలో పారేశాను.

"యేముండాది మే దాంట్లో?"

"నూనె."

అయిదో వారం రైల్వే గేటు దగ్గర ఒక పోలీసాయన ఆపాడు. "ఎన్నప్పా, పంక్చరా?"

"లేదు సార్, అబరాదం..."

"అదు మెడ్రాసుక్కుప్పా!" అని పకపకా నవ్వి, ఎక్కించుకు పొమ్మని చెయ్యూపాడు.

"ఎక్కు మే," అన్నాడు మా ఆయన, ఎటో చూస్తూ. ఎక్కాను. మళ్ళీ అదే వీపు. కానీ ఆ రోజు ఆయన పల్లంలో కూడా బ్రేకు పట్టుకునే తొక్కాడు. ఆ వెనక కూర్చున్న పిల్లను, అప్పటి నన్ను, తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. నిజం చెప్పిన పోలీసాయన్ని ఊరు చేరేదాకా తిట్టుకుంది, అబద్ధమేసిన పేపరుకు మాత్రం మనసులోనే దండం పెట్టుకుంది.