సాంచా ఆగితే లేచే పాప

నిన్న నక్సలైట్ అన్నల బంద్. సిరిసిల్లలో సాంచాలన్నీ, అంటే బట్ట నేసే కరెంటు మగ్గాలన్నీ, ఆగిపోయాయి. ఇవాళ బడి తెరిచారు. నాలుగో తరగతికి రెండు చిన్న వాక్యాలను ఒకటిగా కలపడం నేర్పుదామని బోర్డు మీద రాశాను: "సాంచా ఆగింది. పాప నిద్రపోయింది."

"సాంచా ఆగింది కాబట్టి పాప నిద్రపోయింది" అంటారనుకున్నాను. ఒక్కరూ చెయ్యెత్తలేదు. చివరికి పద్మ లేచింది.

"గవి కలువయి టీచర్. సాంచా ఆగితే పాప ఎట్ల పండుకుంటది?"

వాళ్ల నాన్న ఇంట్లోనే సాంచా నడుపుతాడు. నిన్న చప్పుడు లేకపోయేసరికి ఉయ్యాలలో ఉన్న చెల్లెలు లేచి ఒకటే ఏడుపట.

"మరి ఎట్ల ఊకున్నది?" అని అడిగాను.

"మా నాయినమ్మ ఉయ్యాల పక్కన కూసోని చెక్క మీద టకటక కొట్టింది టీచర్. సాంచా నడుస్తున్నదనుకొని పండుకుంది."

నేను రాయికల్ నుంచి వచ్చినదాన్ని. ఏడాదిగా ఈ చప్పుడుకు నాకు కంటి మీద కునుకు లేదు. ఇవాళ మాత్రం కిటికీలోంచి అదే చప్పుడు మళ్లీ వినిపిస్తుంటే ఊరంతా ఒక్క ఉయ్యాలలో ఊగుతున్నట్టు అనిపించింది.

ఇంకో సంగతి. పిల్లలు గోల చేసినప్పుడల్లా నేను బెత్తంతో బల్ల మీద టకటక కొడతాను. వాళ్లు వెంటనే ఆవలిస్తారు. ఇన్నాళ్లూ అది నా పాఠం మహిమ అనుకున్నాను. రేపు బెత్తం దాచిపెట్టనా, పిల్లలను కాసేపు పడుకోనివ్వనా, మీరే చెప్పండి.