దశరథరామయ్య శెట్టిగారి కారు ట్రయలు

మా గిద్దలూరు బజారులో దశరథరామయ్య శెట్టిగారికి ఉన్న జబ్బు ఒక్కటే. చక్కగా నడుస్తున్న కారును నడవనివ్వడు. చెడిపోయిన కారును బాగుచేసేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. బాగున్న కారును బాగుచేసే మనిషిని నేను చూసింది ఆయన ఒక్కణ్ణే.

ఇది కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల మాట. శెట్టిగారిది వేరుశెనగ వ్యాపారం. ఆయన ఆవరణ నిండా బస్తాలు, బస్తాల మధ్య ఆ కారు. తెల్లదొరల కాలం నాటి గుడ్డటాపు బండి, ఎవరో అడవి కంట్రాక్టరు వదిలించుకుంటే ఈయన తగిలించుకున్నాడు. ఏ కంపెనీదో మాకెవరికీ తెలియదు, ముందున్న ఇత్తడి అక్షరాలు అప్పటికే ఊడిపోయాయి. ఆయన్నడిగితే "సగం కంపెనీ, సగం నేను" అనేవాడు.

దానికి పుట్టుకతో ఒక లోపం ఉండేది. పెట్రోలు ట్యాంకు ముందు సీటు కింద ఉండేది, అందులోంచి పెట్రోలు దానంతటది ఇంజనులోకి జారాలి. ఎగువదారిలో కారు ముక్కు పైకెత్తిందా, ఇంజను మెట్టన, ట్యాంకు పల్లాన. ఇక పెట్రోలు పైకి పాకుతుందా? అందుకని నంద్యాల పోయేటప్పుడు దిగువమెట్ట దాటి ఘాటు రోడ్డు మొదలవగానే శెట్టిగారు కారును అటుదిటు తిప్పి, వెనకడుగుతో కొండెక్కేవాడు. ఆయన మెడ తిప్పుకుని నంద్యాల వైపు చూస్తే, ఎక్కినవాళ్లు గిద్దలూరు వైపు చూస్తూ కూర్చునేవాళ్లు. ఒకసారి ఘాటు దిగుతున్న లారీ డ్రైవరు ఈ కారు వీపు చూసి, తనకు ముందు పోతున్న బండి అనుకుని దారి ఇమ్మని హారను కొట్టాడట. ముందు పోతున్న బండి మీదికే వచ్చేసరికి లారీ ఆపి, దిగి, దణ్ణం పెట్టి, కారు పోయేదాకా రోడ్డు పక్కనే నిలబడ్డాడట.

ఊళ్లోకి ఏ ఆఫీసరుదో కొత్త జీపు వచ్చిందంటే శెట్టిగారికి అన్నం సహించేది కాదు. జీపుకు ఉండేది మన బండికి ఎందుకు ఉండగూడదు అనేది ఆయన పట్టుదల. మద్రాసు నుంచి కొత్త కార్బురేటరు తెప్పించాడు, వేగం పెరిగింది. వేగం పెరిగేసరికి పాత బ్రేకులు చాలలేదు, కొత్త బ్రేకులు దిగాయి. అవి పట్టినప్పుడల్లా జనం బోర్లా పడుతుంటే కొత్త స్ప్రింగులు కావలసి వచ్చాయి. కౌపీన సంరక్షణార్థం అన్న సామెత మా ఊళ్లో నాలుగు చక్రాల మీద తిరిగేది. ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మ పెద్దమ్మ చాటలో కందిపప్పు ఏరుతూ, మా ఇంట్లో పప్పుకు రాళ్లకంటే నట్లే ఎక్కువ తగులుతాయమ్మా అని చెప్పుకునేది.

కొత్త సామాను బిగించిన మర్నాడు ట్రయలు. ట్రయలుకు బరువు కావాలి. ఆవరణ నిండా బస్తాలుండగా ఆయనకు మనుషులే కావాలి. కారణం అడిగితే, "బస్తా నోరు తెరిచి చెప్తదా, ఈడ కుదిపింది, ఆడ ఎత్తేసిందని?" అనేవాడు. కనుక ఆయన కంటబడిన మనిషల్లా బరువే. రాచర్ల ఓబులయ్య గొర్రెలమ్ముకుని ఇంటికి పోతుంటే బలవంతాన ఎక్కించుకున్నాడు. కారు ఊరి పొలిమేర దాటి ఆగింది. మిగిలిన దారంతా ఓబులయ్య తోశాడు. శెట్టి నన్ను రాచర్లకు చేర్చలే, నేనే శెట్టిని చేర్చినా అని సంతలో చాలాకాలం చెప్పుకున్నాడు.

మా నాయన పుల్లారావుది శెట్టిగారి ఎదురుగా గుడ్డల దుకాణం, వెనకనే ఇల్లు. ఇద్దరూ అన్నా అంటే తమ్ముడూ అనుకునేవాళ్లు. మా చిన్నాయన పెళ్లి మార్కాపురంలో జరిగింది. నాయన హాయిగా రైల్లో పోవలసినవాడు. అప్పుడే కార్బురేటరు కొత్తది వచ్చింది, పెళ్లికొడుకు అన్నను మించిన మంచి బరువు మళ్లీ దొరకదని శెట్టిగారు పట్టుకున్నాడు. కంభం దాటగానే కారు మొరాయించింది. నాయన జరీ కండువా నడుముకు చుట్టుకుని తోసి తోసి, ముహూర్తానికి కాదు, చివరి బంతికి చేరాడు. ఒళ్లంతా మసి చూసి ఆడపెళ్లివారు వంటమనిషి అనుకుని పెరటి దారి చూపించారు. మర్నాడు నడిబజారులో నాయన అన్న మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. "అన్నా, ఈ పొద్దు నుంచి నా ఇంట్లో పిల్లి కూడా నీ కారెక్కదు."

అందరూ నవ్వారు. శెట్టిగారు నవ్వలేదు. ఎదురెదురు దుకాణాలు, మాటల్లేవు. మా నాయన సంగతి మీకు తెలియదు. ఒకరింట్లో మంచినీళ్లు అడగడానికి నోరు రాక, దాహమేస్తే ఇంటిదాకా నడిచొచ్చి తాగిపోయే రకం.

ఆ తర్వాతి ఎండాకాలం మా అమ్మకు దగ్గు పట్టుకుంది. అమ్మ పేరు ఇందిరమ్మ. ఇంట్లో నవ్వు అనేది ఉంటే అది ఆమె వల్లే ఉండేది. మామూలు దగ్గే అనుకున్నాం, మిరియాల కషాయం పోశాం. పైటకొంగులో నెత్తురు దాచిపెట్టుకుందని నాకు తెలిసేటప్పటికే ఆలస్యమయింది. కర్నూలు పెద్దాసుపత్రిలో కొత్తగా వచ్చిన సూదిమందు మొదలుపెట్టారు, నెలనెలా వచ్చి చూపించుకోవాలన్నారు, మధ్యలో మానితే లాభం లేదన్నారు.

నంద్యాల దాకా రైలుంది. కాని దారిలో బొగద సొరంగముంది. మొదటిసారి పోయినప్పుడు సొరంగంలో బొగ్గుపొగ పెట్టెనిండా కమ్మింది. అమ్మ నా ఒళ్లో ఊపిరాడక గిలగిలలాడింది. నేను కొంగుతో విసురుతున్నానే గాని విసిరేదీ పొగే. వచ్చేటప్పుడూ అదే సొరంగం. మళ్లీ రైలెక్కిస్తే మనిషి దక్కదని డాక్టరు గట్టిగా చెప్పాడు. రెండోనెల బస్సెక్కించాం. ఆమె దగ్గు విని పక్కవాళ్లు లేచిపోయారు, తర్వాత దిగమన్నారు. అమ్మ ఎవరినీ ఏమీ అనకుండా తానే లేచి దిగింది. ఆ రోజు నేను ఏడ్చినంత ఆమె పోయిన రోజు కూడా ఏడవలేదు.

పోవలసిన రోజు దాటిపోయింది. అమ్మ మంచం మీద, ఎదురింటి ఆవరణలో కారు. మధ్యలో బజారు వెడల్పు. నేను పోయి శెట్టి పెదనాయనను అడుగుతానన్నాను. అడిగితే నా మీద ఒట్టే అన్నాడు నాయన. తానూ అడగడు, నన్నూ అడగనివ్వడు. దుకాణంలో విప్పిన గుడ్డతానే విప్పి, మడిచిన తానే మడుస్తూ కూర్చునేవాడు. కన్నతండ్రి అని చూడకుండా నేను ఆయన్ని మనసులో తిట్టని తిట్టు లేదు.

ఒక పొద్దున శెట్టిగారు వచ్చి మా గడప బయట నిలబడ్డాడు. మొహాన ఎప్పటి ట్రయలు కళే.

"పుల్లారావూ, ఘాటెక్కను పెట్రోలు పంపు తెప్పించినా. నిన్న బిగించినాం. ట్రయలు చెయ్యల్ల."

నాయన తలెత్తలేదు.

"గట్టి మనుషులు పనికిరారు. ఓబులయ్యను కూచోబెడితే గుంతలో పడినా తెలీలేదంటాడు. ఒంట్లో నలతగా ఉండే మనిషి కావాల, చిన్న కుదుపైనా తెలిసే మనిషి. ఊర్లో ఇంకెవరున్నారు? ఇందిరమ్మను ఒకసారి పంపు. నాకు సాయం చేసినట్లుంటది."

నాయన చేతిలో గుడ్డ అట్లాగే ఉండిపోయింది. "ఎంతదూరం పోవాల?" అన్నాడు.

"కర్నూలు దాకా పోతేగాని పంపు గుణం తెలీదు."

"నీకంత అవసరమైతే తీసకపో" అన్నాడు నాయన. గుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

ఆ రోజు కారు ఘాటు ముందుకే ఎక్కింది. పంపు పెట్రోలును పైకి తోసిందట. టాపు తీసేశాం. నల్లమల గాలి మొహానికి తగులుతుంటే అమ్మ చాలారోజుల తర్వాత కళ్లు బాగా తెరిచి చూసింది. "బావగారూ, ఇది ముందుకే పోతాందేంది? వెనక్కెక్కుతాదంటే చూద్దామనుకుంటిని" అంది. శెట్టిగారు సిగ్గుపడ్డాడు. మలుపు మలుపుకూ బండి నెమ్మది చేసి, ఇక్కడ కుదిపిందా అమ్మా అని అడుగుతాడు. ఎడమపక్క రవ్వంత అంటుంది అమ్మ, తాసీల్దారు ముందు సాక్ష్యం చెబుతున్నట్టు.

తర్వాతి నెల, కొత్త స్ప్రింగులని వచ్చాడు. ఆ పైనెల బ్రేకులు మార్చానన్నాడు. ఆ పైన పేరు కూడా నోరు తిరగని సామానేదో చెప్పాడు. ముందురోజంతా ఎదురింటి నుంచి సుత్తి మోతలు, స్పానరు చప్పుళ్లు. నాయన ప్రతిసారీ, సరే, ఆయన అవసరం ఆయనది అని అమ్మను పంపేవాడు. విచిత్రం ఏమిటంటే ఆ కారు ఒక్కసారి కూడా దారిలో ఆగలేదు. శెట్టికి ఇన్నాళ్లకు సరైన సామాను దొరికిందని బజారంతా అనుకున్నాం.

కాని సూదిమందు జబ్బును అందుకోలేకపోయింది. మాఘమాసంలో అమ్మ పోయింది. పోయే ముందురోజు నా చెయ్యి పట్టుకుని, "పాపం, మీ పెదనాయనకు ఇంక కుదుపు ఎవరు చెప్తారే?" అంది. చెప్పి నవ్వబోయింది, దగ్గు వచ్చింది. ఆ నవ్వు పూర్తికాకుండానే మిగిలిపోయింది నాకు.

దినాలు అయ్యాక, శెట్టిగారి కారు మెకానిక్కు యాకోబు పలకరించడానికి వచ్చాడు. నాయన మర్యాదకు, మీరు బిగించిన సామాన్లు మంచివి, ఒక్కనాడూ ఆగలేదు అన్నాడు. యాకోబు వింతగా చూశాడు.

"ఏం సామాన్లు? పంపు తప్ప మేమేమీ బిగించలే. మద్రాసు పార్సెళ్లన్నీ విప్పకుండా గింజల కొట్లో పడుండె. ఇందిరమ్మ ఎక్కే బండి, బాగా నడుస్తాంది, ఎవురూ చెయ్యి పెట్టొద్దన్నాడు శెట్టి. నెలకోసారి నన్ను పిలిచి, కిందికి దూరి ఊరికే టకటకా కొట్టమనేటోడు. మీకు వినబడాలంట."

పార్సెలు దిగిన గంటలో విప్పకపోతే కాలు నిలవని మనిషి, అన్ని నెలలు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అమ్మ ఎక్కే కారు కాబట్టి దాన్ని దాని మానాన నడవనిచ్చాడు.

నాయన లేచాడు. చెప్పులు కూడా తొడుక్కోకుండా బజారు దాటి ఎదురింటి ఆవరణలోకి పోయాడు. ఏమవుతుందోనని నేనూ వెంటపడ్డాను.

"అన్నా, ఒకసారి నన్ను ఘాటు మీదికి తీసకపో. ఆమె పోయిన దారి చూడాల" అన్నాడు.

మా నాయన ఒకరిని నోరు తెరిచి ఏదైనా అడగడం నేను పుట్టాక అదే మొదటిసారి వినడం. శెట్టిగారు బుర్ర గోక్కున్నాడు. పక్కకు జరిగాడు. ఆయన వెనక కారు లేదు. సీట్లు వేరుశెనగ బస్తాల మీద, చక్రాలు గోడకు, ఇంజను గోనెపట్ట మీద, నేలంతా విప్పిన పార్సెళ్లు.

"ఇయ్యాల కుదరదు తమ్ముడూ. నిన్ననే అంతా ఇప్పేసినా."

నాయన ఆ ముక్కలన్నింటినీ చూశాడు. ముందు ఏడుపే వచ్చింది. అది ఎక్కడ నవ్వుగా మారిందో నేను కనిపెట్టలేకపోయాను. కండువా తీసి బస్తా మీద పడేసి, శెట్టిగారి పక్కన నేల మీద కూర్చుని, దేన్ని పట్టుకోవాలో చెప్పమన్నాడు.

కారు మళ్లీ కారు అయ్యేసరికి ఉగాది దాటింది. అన్నీ కొత్త సామాన్లే. ఇద్దరూ ముందు సీట్లో కూర్చున్నారు, నేను వెనక. ఘాటు మీద మలుపు మలుపుకూ ఆగింది. ఆగినప్పుడల్లా నాయనే దిగి తోశాడు, ఒక్క మాట అనలేదు.