చిన్నమ్మ జడ, మేం పోగొట్టిన ఏడాది

నిన్న పొద్దున కర్నూలులో ఆఫీసుకు పోయే బస్సులో ఉన్నాను. తమ్ముడు ఫోన్ చేశాడు. "చిన్నమ్మ పోయిందక్కా" అన్నాడు.

మాట వినిపించింది గానీ బుర్రకెక్కలేదు. పోయిన వారమే కదా హాస్పిటల్ నుంచి ఫోన్ చేసి, "నన్ను సూడనీకి ఎప్పుడొస్తావే" అని తిట్టింది.

వరలక్ష్మి చిన్నమ్మ. మా అమ్మ చెల్లెలు. ప్రొద్దుటూరులో గాజుల అంగడి. వాళ్ళింట్లో ఉండే నేను డిగ్రీ చదివాను.

అప్పుడే ఆమెకు బ్రెస్ట్ క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ అయ్యాయి.

ఇంటికొచ్చాక మేం చేసిన ఘనకార్యం ఒకటుంది. ప్రేమ ఎక్కువై ఆమెను మంచం దిగనివ్వలేదు. చెంబు ఎత్తబోతే లాక్కున్నాం. ఏడాది తిరిగేసరికి ఆపరేషన్ అయిన వైపు, ఎడమ చెయ్యి భుజం దాకా కూడా లేవకుండా బిగుసుకుపోయింది.

జుట్టు మళ్ళీ వచ్చింది. జడ వేసుకోడానికి చెయ్యి రాలేదు.

నేను వేస్తుంటే, "చంటిబిడ్డ మాదిరి అయిపోతి గదే పాపా" అని ఏడ్చేది. అంగడి మానేసింది. రాత్రుళ్ళు నిద్ర లేదు.

చెకప్‌లో డాక్టరమ్మ మా మీద మండిపడింది. మందులు మందులే, కానీ చెయ్యి కదపాలి అంది. ఇలాంటి పేషెంట్లకు యోగా నేర్పే టీచర్ దగ్గరికి పంపింది.

మొదటి రోజు కుర్చీలో కూర్చుని ఊపిరి పీల్చడం, వదలడం. దాంతోపాటు చెయ్యి కొంచెం పైకి. అంతే.

చివర్లో శవాసనం అనగానే చిన్నమ్మ, "ఆ పేరు మార్చు తల్లీ, అంత దూరం పోయి ఇప్పుడే వచ్చినా" అంది. క్లాసంతా నవ్వింది. ఆ చాప మీదే గురకపెట్టి నిద్రపోయింది.

నెలలు పట్టింది. ఒకరోజు దువ్వెన తీసుకుని పోతే, "వదులు పాపా, నేనే ఏసుకుంటా" అంది.

జడ వంకరగా వచ్చింది. దాంట్లోనే కనకాంబరాలు పెట్టుకుని అంగడికి పోయి, పై అరలో గాజులు తనే అందుకుంది. చిన్నాయన పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

రోగం మళ్ళీ వచ్చింది, ఈసారి ఎముకల్లోకి. యోగా దాన్ని ఆపలేదు. ఆపుతుందని టీచర్ కూడా ఎప్పుడూ చెప్పలేదు. కానీ హాస్పిటల్ బెడ్ మీద కూడా కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చి వదిలేది. "ఇట్ల చేస్తాంటే భయం శానా తగ్గుతాది పాపా" అనేది.

నా బాధంతా ఆ ఏడాది గురించే. ఆమెకు మిగిలిన కాలమే కొంచెం. అందులో ఒక సంవత్సరం మంచానికి ఇచ్చేశాం.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా అయితే, పడుకోబెట్టే ముందు డాక్టర్‌ని అడగండి. ప్లీజ్.

నిన్న సాయంత్రం ప్రొద్దుటూరులో ఆమెకు స్నానం చేయించాక దువ్వెన నా చేతికే ఇచ్చారు. జడ వేశాను. తిన్నగా వచ్చింది.

వదులు పాపా అంటుందేమోనని ఆగి చూశాను.

పోయిరా చిన్నమ్మా. నొప్పి లేని చోట హాయిగా ఉండు.